గుడిసె క్రింది నేల

తెలుగు నవలలయందును, నాటకములయందును, ఖండకావ్యములయందును గుడిసెలు కాలినన్ని మాఱులు మఱి యే కట్టడమును కాలియుండదు. తాటాకు అంటుకొనుట, పసిపిల్లల యేడ్పు, తెల్లవాఱుసరికి బూడిద, ఆ బూడిదలో కంచును వెదకుకొను ముసలమ్మ, ఇవి మన రచయితలకు కంఠస్థమైన దృశ్యములు. చదువరి కన్నీరు విడుచును. పుస్తకము మూసి భోజనమునకు లేచును. కాని బూడిద యెత్తిపోసిన పిదప మిగులునది నేల. ఆ నేల యెవరిది? ఈ ప్రశ్నను మన సాహిత్య మెంతవఱకు అడిగినది, అడిగిన చోట నెట్టి జవాబు చెప్పినది అని విచారించుటయే యిందు మేము తలపెట్టిన పని.

గుడిసె యనగా కవులు వర్ణించు పర్ణశాల కాదు. మా గోదావరి డెల్టాలో కాలువగట్టు మీదనో, పుంత ప్రక్కనో, మురుగుకాలువ యొడ్డుననో నిలిచిన దళితుని యిల్లు. రామచంద్రపురము చుట్టుపట్ల గ్రామములు తిరిగి చూచినవారికి పేట ఊరికి వెలిగా, పల్లమున నుండుట క్రొత్త వింత కాదు. వాన కురిసిన నాడు ఊరినీరు పేటలోనికి పాఱును. పేటనీరు పోవుటకు దారి యుండదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొద లీ నేల బంగారమైనది. బంగారమైన నేలను గుడిసెలకెవరు విడుతురు? కాలువలు త్రవ్విన చేతులకు కాలువగట్టు మిగిలినది. ఆ గట్టైనను ప్రభుత్వముదే గాని కాపురమున్నవారిది కాదు. గట్టు బాగుచేయవలసి వచ్చిన నాడు గుడిసె లేవవలసినదే.

'మాలపల్లి'ని గూర్చి వచ్చిన విమర్శలకు లెక్కలేదు. అందు గాంధీతత్త్వమును చూచినవారు కలరు, రుష్యా విప్లవపు నీడను చూచినవారు కలరు, పలుకుబడి సొగసును చూచి మురిసినవారు కలరు. నేల లెక్క చూచినవారు తక్కువ. ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాలలో వ్రాసిన యీ నవల 1922లో అచ్చుపడినది. దొరతన మిద్దానిని రెండు పర్యాయములు నిషేధించినది. కేవలము హరిభక్తి చెప్పిన గ్రంథమైనచో నిషేధ మెందుకు? రామదాసు నోట వేదాంతము పలికించుచునే, కూలి యెంత, గింజ లెవరివి, చేను ఎవరిది అను లెక్కను రచయిత ప్రక్కనే నడిపినాడు. ఆ లెక్కయే భయపెట్టినది.

సంగదాసు చౌదరయ్య దెబ్బకు మడియుట ఈ కథకు గుండెకాయ యని సామాన్యముగా చెప్పుదురు. మాకు అంతకంటె ఘోరముగా తోచునది, ఆ కుటుంబము మెట్టుమెట్టుగా నేలనుండి ఊడిపోవుట. పొలము పోవును, ఇల్లు పోవును, తుదకు నేరస్థుల కొఱకేర్పఱచిన సెటిల్మెంటు వారికి గతియగును. ఊరిలో నుండుటకు చోటులేనివాడు చట్టము దృష్టిలో నేరస్థుడే యను సత్యమును మన భాషలో నింత స్పష్టముగా చెప్పిన గ్రంథము దానికి ముందు మఱియొకటి మే మెఱుగము. కత్తి దూసి చంపిన హత్యను ఊరందఱు చూతురు. దస్తావేజుతో చంపిన హత్యను చూచుటకు రచయితకు బారిస్టరు కన్ను కావలసి వచ్చినది. లక్ష్మీనారాయణగారు డబ్లినునందు న్యాయశాస్త్రము చదివిరి. ఐర్లండులో కౌలుదార్లు భూస్వాములతో పోరాడిన జ్ఞాపకము అప్పటికింకను చల్లాఱలేదు.

ఇంత చూచిన కన్ను మందు చెప్పునప్పుడు మాత్రము వెనుదీసినది. రెండు మందులు నవలలో కలవు. వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, కలవారిని దోచి లేనివారికి పంచును. పంచిన ధనము తినగా తఱుగును. పైగా నేలను దోచుట దొంగకు చేతకాని విద్య; దానికి కరణము కావలెను, ప్లీడరు కావలెను, సాక్షులు కావలెను. రెండవది రామానాయునివంటి సజ్జనుల మైత్రి, సంగదాసు పేర వెలసిన విద్యాసంస్థలు. ఇవి మంచివే. ఐనను పల్లె క్రింది నేల ఎవరి పేర దాఖలు కావలెను, రామదాసు పోగొట్టుకొన్నది ఏ హక్కుపై తిరిగి రావలెను, వచ్చినది మఱల పోకుండుట కేమి కట్టుబాటు, అను నంశములయందు మాకు నవల తృప్తి కలిగింపదు. ఒక సజ్జనుడు పోయి మఱియొక చౌదరయ్య వచ్చినచో కథ మొదటికి వచ్చును గదా!

బోయి భీమన్నగారు మా కోనసీమలోని మామిడికుదురువారు. వారి 'పాలేరు' నాటకమున పాలేరు చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. ఈ నాటకము చూచి పిల్లలను గొడ్ల వెంట పంపుట మాని బడికి పంపిన తలిదండ్రులు పెక్కుమంది యని ప్రసిద్ధి. బడిపంతులమైన మేము ఆ ప్రయోజనమును తక్కువ చేసి మాటాడజాలము. కాని విమర్శకుని లెక్క వేఱు. నాటకములో ఒక్కడు పేట విడిచి పైకెక్కును. పేట పల్లములోనే యుండును. చదువు మనిషిని నేలనుండి విడిపించునే గాని నేలను మనిషికి తెచ్చిపెట్టదు. స్వాతంత్ర్యమునకు ముందే పాలేరును కలెక్టరును చేసిన ఆ కవియే, దరిమిలా తన కావ్యమునకు 'గుడిసెలు కాలిపోతున్నాయి' అని పేరు పెట్టవలసి వచ్చినది. దానికి 1975లో సాహిత్య అకాడెమీ బహుమాన మిచ్చిరి. రెండు పుస్తకముల పేళ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, మధ్య గడచిన యేండ్లలో జరుగవలసి యుండి జరుగనిది యేదో తెలియును.

పూర్తిగా జరుగలేదనుటయు సత్యము కాదు. 1920 ప్రాంతమునుండి మద్రాసు ప్రభుత్వము లేబరు కమీషనరు నేర్పఱచి, దళితులకు ఇండ్లస్థలములు సేకరించి యిప్పించుట, వాయిదాలపై సొమ్ము కట్టించుకొనుట ప్రారంభించినది. గోదావరి లంకభూములను దళిత వ్యవసాయ కూలీల సహకార సంఘములకు కౌలున కిచ్చుటయు ఈ డెల్టాలో జరిగినది. ఈ లంకల సంగతి మిక్కిలి విచిత్రమైనది. ఏఱు ఒక యేడు మేట వేయును, మఱియొక యేడు కోయును. ఒక్కొక్కని పేర హద్దులు వ్రాసి పట్టా యిచ్చినచో, కోతపడినవాని పట్టా కాగితముగానే మిగులును. ప్రక్కవాని చెక్క పెరుగును. సంఘము పేర నున్నప్పుడు మిగిలిన నేలను మఱల పంచుకొనవచ్చును. ఉమ్మడి యనునది ఇచ్చట సిద్ధాంతము కాదు, ఏటి స్వభావము నేర్పిన అవసరము. ఐనను సంఘము పేర కౌలు, ఆసామి చేత సాగు అను మాట కూడ లంకలలో క్రొత్తది కాదు. పెట్టుబడి లేనివానికి నేల యిచ్చి ఊరకుండిన ప్రభుత్వమే ఆ ఆసామికి త్రోవ చూపినదని మా యభిప్రాయము.

స్వాతంత్ర్యము తర్వాత వచ్చిన భూమి పంపకములో వరుస మాఱి, ఒక్కొక్క కుటుంబమునకు వేఱువేఱుగా పట్టా లిచ్చుట ప్రధాన పద్ధతియైనది. ఇచ్చిన నేల చేతులు మాఱిపోవుచున్నదని కనుగొని 1977లో అసైన్డు భూముల బదలాయింపును నిషేధించుచు చట్టము చేసిరి. అమ్మరాదని చట్టము చెప్పెను. బిడ్డ పెండ్లికి, భర్త జబ్బునకు అప్పు ఎక్కడ దొరకునో చెప్పలేదు. అందుచేత అమ్మకము రిజిస్ట్రారు ఎదుట కాక చాటున జరిగినది. చాటున అమ్మినదానికి వెల తక్కువ. చట్టము పేదవాని నేలను కాపాడబోయి దాని వెలను మాత్రము తగ్గించిన సందర్భములు తక్కువ కావు. 2015లో అమరావతి రాజధాని కొఱకు భూసమీకరణ జరిగినప్పుడు, పట్టాభూమి కిచ్చిన ప్రతిఫలమును అసైన్డు భూమి కిచ్చినదియు మొదట సమానముగా లేకుండుట చదువరులకు గుఱుతుండును. ఇరువదియేండ్లు గడచిన అసైన్డు భూమిపై అమ్ముకొను హక్కు నిచ్చుచు 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టమును సవరించిరి. అమ్మరాదన్నది ఒక తుద; అమ్ముకొమ్మన్నది మఱియొక తుద. నడుమ మఱియొక దారి కలదా యని అడిగిన స్వరము శాసనసభలోను, కథలలోను సమానముగా మందమై యున్నది.

2020 డిసెంబరు 25వ తేదీని మా జిల్లాలోనే కాకినాడ చేరువనున్న కొమరగిరిలో, ఇండ్లస్థలముల పంపిణీ రాష్ట్రమంతటికి ప్రారంభమైనది. పట్టణములలో కుటుంబమునకు సెంటు, పల్లెలలో సెంటున్నర; పట్టా స్త్రీల పేర. స్త్రీల పేర వ్రాయుట మెచ్చదగిన పని. కాని సెంటు నేలపై కాపురముండవచ్చునే గాని పేట యుండదు. పేట యనగా ఇండ్ల మొత్తము కాదు. రచ్చబండ, చర్చియో రామమందిరమో, పిల్ల లాడు దిబ్బ, గేదెను కట్టు చింతచెట్టు, చచ్చినవారిని పాతిపెట్టు చోటు, ఇవన్నియు కలిసి పేట. వీనికి పట్టా యెవరి పేర నిత్తురు? ఉమ్మడి యజమాని యొకడు లేనిదే వీనికి యజమాని యే లేడు. యజమాని లేనిదానిని ఎవడైనను కలుపుకొనును.

ఇట్లు ఆలోచించుచు పోగా కారంచేడు తప్పక జ్ఞాపకము వచ్చును. 1985 జులై 17న అచ్చట ఆఱుగురు దళితులను చంపిరి. బ్రతికినవారు చీరాలకు పరుగెత్తి వచ్చి, తిరిగి ఆ యూరికి పోమని పట్టుపట్టిరి. చీరాలలో విజయనగర్ కాలనీ వెలసినది. ఆ సంఘటననుండి దళిత మహాసభ పుట్టినది. దానినుండి తెలుగు కవిత్వమునకు క్రొత్త గొంతు వచ్చినది. ఆ గొంతులోని కోపము న్యాయమైన కోపము. ఐనను ఆ కవిత్వమున నెత్తురు ఎంత కనబడునో, విడిచివచ్చిన నేల అంత కనబడదు. పోమని చెప్పుట ధైర్యమే. పోని కారణమున పాత పేట క్రింది నేల ఏమయ్యెను, క్రొత్త కాలనీలో కూలి యెచ్చట దొరకెను అను కథ వ్రాయబడవలసి యున్నది. ఊరినుండి తొలగింపబడిన జనమునకు ఇల్లు కట్టి యిచ్చుట సగము పరిహారము. తొలగించు శక్తి ఇక నెవరికిని లేకుండ చేయుట తక్కిన సగము.

తక్కిన ఆ సగమునకు ఉపాయము మన తెలుగునేల మీదనే మొలకెత్తినది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబాభావేను ఎనుబది యెకరములు కావలెనని యడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు ఇత్తుమని లేచిరి. భూదానము అట్లు పుట్టినది. మఱుసటి యేడు ఉత్తరప్రదేశములోని మంగ్రోఠు గ్రామముతో గ్రామదాన మారంభమైనది: నేల యాజమాన్యము గ్రామసభది, సాగు కుటుంబములది, నేలను బయటివారికి అమ్ముటకు వీలులేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ ఇందులకు చట్టము కూడ చేసినది. కాగితముపై ఇంతకంటె చక్కని యేర్పాటు లేదు.

ఏల నిలువలేదు? ఇచ్చిన నేలలో సాగుకు రానిది మిక్కుటమైనది, ఇచ్చితిమన్నవారి సంతతి తిరిగి కలుపుకొనిరి, పంచవలసినవారు పంచలేదు, అని అందఱు చెప్పు కారణములు నిజమే. మాకు మూలకారణము 'దాన' మను శబ్దమునందే కానవచ్చుచున్నది. వ్యాకరణము చదివినవా రెఱుగుదురు: దానక్రియకు కర్త దాత; పుచ్చుకొనువాడు సంప్రదానమై చతుర్థీ విభక్తిలో నిలుచును. వాక్యమును ఎన్ని విధముల త్రిప్పినను వానికి కర్తృత్వము రాదు. భూదానమున రామచంద్రారెడ్డిగారి పేరు నిలిచినది, వినోబా పేరు నిలిచినది. ఎనుబది యెకరములు నోరు తెఱచి అడిగిన దళితుల పేళ్లు ఎందఱకు తెలియును? అడుగుట యనునది ఆ నాటి నిజమైన క్రియ. మన చరిత్రకారులును కవులును దానిని ఉపక్రియగా దిగజార్చిరి.

దానమనక వేఱొక మాట శాస్త్రములందే యున్నది. విశ్వజిద్యాగమున యజమానుడు సర్వస్వమును దక్షిణగా నీయవలెను. రాజు యాగము చేసినచో భూమిని కూడ నీయవచ్చునా యని జైమిని మీమాంసాసూత్రములందు ప్రశ్న వచ్చినది. ఈయరాదని నిర్ణయము, భూమి యెల్లరకు సాధారణమైనది గాన రాజు దాని కాపరియేగాని స్వామి కాడని భావము. ఇక ఆచారమందు చూడుడు. దేవుని మాన్య మున్నది. దేవుడు చావడు, అప్పు చేయడు, కూతురి పెండ్లికి నేల తాకట్టు పెట్టడు. కావుననే మాన్యము తరములు నిలుచునని పెద్దల యెత్తుగడ. మాన్యములు సైతము కరగిపోయిన తీరు లోకమెఱుగనిది కాదు, అది వేఱు మాట. చావని యజమానిని కల్పించి నేల నాతని పేర పెట్టుట మన కన్యాయముగా తోచదు. ఆ యజమాని దేవుడు కాక పేట యైనప్పుడు మాత్రము విపరీతముగా తోచును.

ఈ మొలక సముద్రములు దాటి అమెరికాలో నాటుకొన్న కథ మన పాఠకులలో బహుకొద్దిమందికి తెలియును. రాబర్టు స్వాన్ అను అమెరికా శాంతివాది గ్రామదానమును గూర్చి తెలిసికొని, దానిని తన దేశపు చట్టమునకు అతుకునట్లు మార్చుటకు పూనుకొనెను. జార్జియా రాష్ట్రమున అల్బనీ పట్టణ ప్రాంతమున నల్లజాతివారు ఓటుహక్కు కొఱకు పోరాడుచుండిరి. ఓటు వేయబోయిన కౌలుదారును భూస్వామి గుడిసెనుండి వెళ్లగొట్టుచుండెను. ఇది చదువునప్పుడు మాలపల్లి జ్ఞాపకము రానివా డుండడు. చార్లెస్ షెర్రాడ్, షర్లీ షెర్రాడ్ దంపతులు, స్లేటర్ కింగు మొదలైనవారు స్వానుతో కలిసి 1969లో 'న్యూ కమ్యూనిటీస్' అను సంస్థను స్థాపించి, 5,700 ఎకరములు కొనిరి. గమనింపవలసినది ఏమనగా, వారు దానము పట్టలేదు. అప్పు చేసి కొనిరి. కర్తలు వారే.

కొన్న నేల నిలిచినదా? నిలువలేదు. అనావృష్టి వచ్చినది, తెల్లరైతులకు దొరకిన ప్రభుత్వ ఋణము వీరికి సకాలమున దొరకలేదు, 1985లో నేల యంతయు అప్పులవారి పాలయ్యెను. కారంచేడు జరిగినదియు ఆ యేడే. కాని వారు ఊరకుండలేదు. ఋణములలో నల్లరైతులకు జరిగిన వివక్షపై నడచిన వ్యాజ్యమున 2009లో వారికి కోటి యిరువది లక్షల డాలర్లు పరిహారముగా వచ్చినది. ఆ సొమ్ముతో 2011లో సుమారు 1,600 ఎకరములు కొనిరి. పూర్వ మొకప్పుడు బానిసలచేత సేద్యము చేయించిన తోట యది. ఇట్టి సంవిధానమును కల్పించిన నవలాకారుని మనము అసహజమని ఆక్షేపించియుందుము.

పల్లెలో పుట్టిన యీ పద్ధతి తర్వాత నగరములలోని నల్లజాతివారి పేటలకు ఎక్కువగా పనికివచ్చినది. మినసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ నగరమున రొండో అను పేట యుండెను: ఇండ్లు, చర్చీలు, మంగలి దుకాణములు, సంగీతశాలలు. 1956 మొదలు 1968 వఱకు ఆ పేట నడుమనుండి పెద్ద రహదారి వేసిరి. ఆఱువందలకు పైగా కుటుంబములు ఇండ్లు పోగొట్టుకొనిరి. ఇంటి వెల యేదో చేతిలో పెట్టిరి. పేటకు వెల యెవరును కట్టలేదు, పేట యెవరి పేరనులేదు గదా! 1993లో రొండో భూన్యాస సంస్థ ఏర్పడినది. న్యాసమనగా మన ధర్మశాస్త్రములందు నమ్మకముతో దాచుమని యిచ్చిన సొత్తు. వారి 'ట్రస్టు' అను మాటకు ఇది సరిపోవును. బోస్టను నగరమున డడ్లీ వీథిలో కథ యింకను ముందుకు నడచినది. 1988లో ఖాళీ స్థలములను బలవంతముగా సేకరించు అధికారమును, అనగా తఱచుగా పేదల ఇండ్లు కూల్చుటకు ఉపయోగించు ఆ యధికారమును, నగర సంస్థ ఆ పేటవారి సంఘమునకే యిచ్చినది.

పద్ధతి యిది. నేల న్యాససంస్థది, దానిని అమ్మరు. ఇల్లు కుటుంబముది, అమ్ముకొనవచ్చును, పిల్లలకు వ్రాయవచ్చును. నేలకు 99 ఏండ్ల కౌలు. గడువు తీఱినచో మఱల వ్రాయుదురు. ఇల్లు అమ్మునప్పుడు, పెట్టిన సొమ్మును, పెరిగిన వెలలో కొంత పాలును యజమానికి దక్కును. తక్కినది ఇంటిలోనే మిగిలి తర్వాతి పేదకుటుంబమునకు వెల తగ్గించును. పాలకవర్గమున మూడవవంతు అచ్చట కాపురమున్నవారు, మూడవవంతు ఇరుగుపొరుగువారు, మూడవవంతు ప్రజాహితమును చూచు పెద్దలు. ఇది సామాన్యముగా వాడుకలో నున్న పంపకము. గ్రామదానమునకు లేని ఎముకలు ఇందు కలవు. అది దాతల హృదయమును నమ్మినది. ఇది ఒడంబడికను నమ్మినది.

ఇందుపై బలమైన ఆక్షేపణ యొకటి కలదు. దానిని దాటవేసి పోవుట విమర్శకు తగదు. "ఊరివారందఱు ఎవరి నేల వారు కలిగియుండగా, వెలలు పెరిగినప్పుడు కోటీశ్వరులు కాగా, మేము మాత్రమే ఉమ్మడిలో నుండవలెనా? మాకు మాత్రమే లాభమునకు కొలత పెట్టుదురా?" అని దళితుడు అడిగినచో ఏమి చెప్పగలము? అమెరికాలోని నల్లజాతివారు కూడ నిదియే యడుగుచున్నారు. తరతరములుగా ఆస్తి కూడబెట్టుకొననీయక, ఇప్పుడు ఆస్తి యనునది చెడ్డదని నీతి చెప్పుట కలవారికి సులభము. ఆ యాక్షేపణలో నున్న యవమానమును మేము గుర్తించుచున్నాము. దీనికి అంబేద్కరు మహాశయుడు 1947లో ప్రకటించిన 'రాష్ట్రములు, అల్పసంఖ్యాకులు' అను విజ్ఞాపనములో జవాబు కలదు. సేద్యపు నేల యంతయు ప్రభుత్వపరమై, కులభేదము లేక గ్రామస్థుల కందఱకు కౌలునకీయబడి, ఉమ్మడిగా సాగు కావలెనని ఆయన కోరినాడు. ఉమ్మడి యనునది పేదల మీద మాత్రమే పెట్టు నియమము కారాదని దాని సారము. ఊరినంతటిని మార్చుటకు ఎవరును ముందుకు రాలేదు. అందుచేత ఆ పుస్తకమును పొగడుట సులభమైనది.

మా మట్టుకు మేము ఒక హద్దు గీయుదుము. చేను విషయమున ఉమ్మడియో విడియో అచ్చటివారు తేల్చుకొనవలసినదే. అప్పటి మెదకు జిల్లా జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెంట దళితస్త్రీలు సంఘములుగా చేరి నేల కౌలునకు తీసికొని కలిసి చిరుధాన్యములు పండించినారు. అది వారు తమంత తాము ఎన్నుకొన్న యుమ్మడి. లంకలలో నుమ్మడి ఏటి నిర్బంధము. ఇండ్ల క్రింది నేల సంగతి వేఱు. అందు ఒక్కరి యమ్మకము ప్రక్కవాని కాపురమును కదలించును. పది యిండ్లు అమ్ముడుపోయిన పేట పదునొకండవ వానికి పేట కాదు. కాలువగట్టున నుండి లేపబడినవారికి చూపు క్రొత్త స్థలమును, సెంటు సెంటు చీల్చి పంచుటకు ముందు, మొత్తముగా ఆ పేటవారి సంఘము పేర వ్రాసి, ఇంటికొక 99 ఏండ్ల కౌలుపత్రము స్త్రీ పేర నిచ్చి, దానిపై బ్యాంకు అప్పునకు ఒప్పుకొనునట్లు చట్టమున చోటు చేసినచో, 1977 నాటి సంకెల వలదు, 2023 నాటి విడుపును వలదు. సంఘములో పెద్దకులము వాని తాబేదారు దూరకుండుట ఎట్లు? దూరును, దూరినవానిని తీసివేయుటకు సభ్యులకు చీటి ఉండవలెను, ప్రతి యేడును లెక్క పేటనడుమ చదువవలెను. ఇంతకుమించిన మంత్రము మాకు తెలియదు.

ఇక సాహిత్యము మాట. కాలిన గుడిసెను వర్ణించుటకు ఒక రాత్రి చాలును, ఒక కోపము చాలును. నిలిచిన పేటను వర్ణించుటకు నూఱు సాయంకాలములు కావలెను: లాంతరు క్రింద సంఘపు సభ, మినిట్సు పుస్తకము వ్రాయువాని చేతివ్రాత, బాకీ కట్టని బావను గూర్చి బావమఱది నోరు విప్పలేకపోవుట, భర్త పోయిన స్త్రీ కౌలు ఎవరి పేర మార్చవలెనని వాదము, పట్టణమునుండి వచ్చిన కొడుకు తన వాటా అమ్మిపెట్టుమని తల్లితో గొడవపడుట. ఇందు హత్య లేదు, మంట లేదు. అందుచేతనే కాబోలు మన కథకులు ఇచ్చటికి రారు. కాని ఇంటిలో అన్నదమ్ముల పాళ్ల తగాదాను వందల కథలుగా వ్రాసినవారికి పేట తగాదా వ్రాయుట చేతకాదనుకొనము. లక్ష్మీనారాయణగారికి ఆ చేవ యుండెను. రామదాసు పల్లెవారు కూర్చుండి మాటాడుకొను ఘట్టములు నవలలో జీవము తొణికిసలాడు పుటలు. ఆ మాటలు సెటిల్మెంటు తలుపు దగ్గఱ ఆగిపోయినవి. ఆ కుటుంబములో నెవరైన నొకరు తిరిగి వచ్చి, తహశీలుదారు కచ్చేరి మెట్లమీద నిలుచుండి, పట్టా ఎవరి పేర వ్రాయమందురని గుమాస్తా అడిగినప్పుడు ఏమి జవాబు చెప్పునో, నూఱేండ్లు దాటినను మన నవల యింకను వ్రాయలేదు.